నాలుగో చుట్టు దగ్గర ఆగే పాట

బర్నబీ,
అక్టోబరు 3

త్రిపురత్తకి,

క్షేమంగా చేరాను. నువ్వు కట్టిచ్చిన పులిహోర విమానంలో తెరిచేసరికి పక్కసీటు పెద్దాయన కిటికీ చూడటం మానేసి నా డబ్బా చూడటం మొదలుపెట్టాడు. సగం ఆయనకే పెట్టాను. మూడు వారాలు నీ ఇంట్లో తిని పడుకుని, నీ స్నేహితురాలు రాద్కా గారింటికి రికార్డర్ పట్టుకుని తిరిగాను. థాంక్స్ అంటే తిడతావు కనుక అనడం లేదు.

ఉత్తరాలే రాయాలన్న నీ షరతు మర్చిపోలేదు. "ఫోన్లో అయితే పని చేసుకుంటూ ఊఁ కొడతావు. కాయితమైతే చచ్చినట్టు కూచుని రాస్తావు" అన్నావు. కూచున్నాను.

అత్తా, నాకు నిధి దొరికింది. నాలుగేళ్ళుగా కెనడాలో బల్గేరియా వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి పాటలు పోగుచేస్తున్నాను కదా. అందరూ పాడేవి అవే పెళ్ళిపాటలు, అవే కోతపాటలు. రాద్కా గారు చివరి వారంలో పాడిన చావుపాట మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. బల్గేరియా వెళ్ళి సోఫియాలో ఏడాదిపాటు నేను దుమ్ము దులిపిన టేపుల్లోనూ లేదు. మాటలు ఏడుస్తూ అప్పటికప్పుడు కట్టుకున్నవి. "తలుపు తీసే ఉంచాను, మంచు లోపలికొచ్చింది, నువ్వు రాలేదు" అంటుంది. అది వాళ్ళ పద్ధతే. వరస మాత్రం ఎవరి పద్ధతీ కాదు. మూడు చుట్లు సాఫీగా తిరుగుతుంది, నాలుగో చుట్టు దగ్గర ఒక్క ఊపిరి సేపు ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది.

ఆ ఆదివారం చర్చి బేస్‌మెంట్‌లో రాద్కా గారు పాడుతుంటే ఎనిమిదిమంది ఆ పాటకి హోరో ఆడారు. చేతులు పట్టుకుని గొలుసుగా ఆడేదే హోరో. మామూలుగా కుడికి సాగుతుంది. పోయినవాళ్ళ కోసం ఆడితే, రాద్కా గారి ఊరి ఆచారం ప్రకారం, ఎడమకి సాగుతుంది. పాట ఆగిన చోట ఎనిమిదిమందీ కాలు పైకెత్తి ఆగిపోయారు. పోయిన మనిషి వచ్చి గొలుసులో నిలబడటానికే ఆ ఖాళీ వదిలారని నా నమ్మకం. రాద్కా గారి ఊరు డ్యామ్ కింద మునిగిపోయింది. అంటే ఈ పాట ఇక ప్రపంచంలో ఆవిడ గొంతులో తప్ప ఎక్కడా లేదు.

మా సూపర్‌వైజర్ మళ్ళీ పెట్టించుకుని విన్నారు. మే నెలలో పెద్ద సభలో చదవమన్నారు. నా పీహెచ్‌డీ చాప్టరూ, ఆ తర్వాత రావాల్సిన ఉద్యోగమూ ఈ ఒక్క పాట మీదే ఆధారపడి ఉన్నాయి. రికార్డింగప్పుడు గదిలో మూడో మనిషి ఉండకూడదన్నది నా నియమం కనుక నువ్వు వినలేదు. మోకాలి నొప్పని చర్చికీ రాలేదు. పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. రాద్కా గారిని అడిగాను, నీ పేరులో రెండో సగం పట్టుకుని "సుందాకా? పంపు, పంపు" అని నవ్వారు.

నీ ధాత్రి


రెజైనా,
అక్టోబరు 24

చి. ధాత్రికి,

నీ నిధి అందింది. దాన్ని గుచ్చే కన్నం నా కొత్త లాప్‌టాప్‌కి లేదు. అడాప్టర్ ఏదో కొనాలిట. నాలుగేళ్ళు ఆగినదానివి, నాలుగు రోజులు ఆగలేవా?

ఇక్కడ అప్పుడే మంచు పడింది. మొన్న రాద్కా బుట్టెడు మిరపకాయలు కాల్చి తొక్క తీస్తే నేను పోపు పెట్టాను. "ఆవాలు వేసి మిరపకాయల్ని పాడుచేశావు సుందా" అంటూనే రెండు సీసాలు చంకన పెట్టుకుపోయింది. మీ రామమోహనరావు మామయ్య పోయి ఆరేళ్ళయింది. ఈ ఊరి తెలుగువాళ్ళంతా కుర్రకారు. "నమస్తే ఆంటీ" అంటారు, కార్లు స్టార్ట్ చేసుకుంటారు. నేను లేచానా, తిన్నానా, మోకాలికి కాపడం పెట్టుకున్నానా అని కనుక్కునేది రాద్కా ఒక్కతే.

అందుకే ఒక మాట. పాటలు ఎన్నయినా అడుగు. ఆవిడ కొడుకు మిత్కో సంగతి మాత్రం తవ్వకు. ఒక్కగానొక్క కొడుకు. పంతొమ్మిదేళ్ళ కిందట ఇక్కడే ఆస్పత్రిలో పోయాడు. ఇరవై ఆరేళ్ళవాడు. నువ్వు అది తవ్వితే నాకున్న ఒక్క మనిషీ నాకు కాకుండా పోతుంది. ఎందుకని అడగకు.

బర్నబీ వానల్లో తల తడుపుకోకు.

అత్త


బర్నబీ,
నవంబరు 12

అత్తా,

సభవాళ్ళు నా వ్యాసం తీసుకున్నారు! పేరు "పోయినవారి చోటు". ఆ ఆగడం మీదే నలభై పేజీలు రాశాను. స్టాప్‌వాచీ పెట్టి కొలిచాను. పన్నెండుసార్లు ఆగితే పన్నెండుసార్లూ ఒక్కటే నిడివి. ఎనభై మూడేళ్ళ మనిషి, ఏడుస్తూ పాడుతూ, ఒక్కసారి కూడా తప్పలేదు. అది ఒక మనిషి అలవాటు కాదు, తరతరాలుగా కాళ్ళలో దిగిపోయిన ఆచారం అని రాశాను.

మిత్కో గురించి నేనేమీ తవ్వలేదు. నా ప్రశ్నాపత్రంలో ఉన్నదే అడిగాను.

అడాప్టర్ కొన్నావా? విన్నావా? ఎలా ఉంది?

ధాత్రి


రెజైనా,
నవంబరు 29

చి. ధాత్రికి,

విన్నాను. మూడుసార్లు విన్నాను. బాగానే పాడింది.

ఆ పాట వదిలెయ్యకూడదూ? కోతపాటలున్నాయి, పెళ్ళిపాటలున్నాయి, వాటి మీద రాసుకో. పెద్దదాన్ని చెబుతున్నాను, విను. జలుబుగా ఉంది, ఇంతకంటే రాయలేను.

అత్త


బర్నబీ,
డిసెంబరు 8

అత్తా,

నీ ఉత్తరం తిరగేసి చూశాను, వెనకవైపు ఇంకేమైనా రాశావేమోనని. ఏమీ లేదు.

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం నాకు చేతకాదు. ఇంజినీరింగ్ చదివి పాటలేమిటే, అవీ మనవి కాని పాటలేమిటే అని హైదరాబాదులో ఇల్లంతా నా మీద పడితే, "దాని బతుకు దాన్ని బతకనివ్వండ్రా" అని ఫోన్లో నాన్న మీద అరిచింది నువ్వు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నదే దీని జబ్బు అని నాన్న ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఈ దేశంలో నన్ను నమ్మిన ఒక్కదానివి నువ్వే. ఆ నువ్వే, నా చేతికి దొరికిన ఒక్క పాటనీ వదిలెయ్యమంటావు. కారణం చెప్పవు.

జనవరి పదిహేనుకి పూర్తి వ్యాసం పంపాలి. పంపేస్తాను. ఆపాలనుంటే ఎందుకో చెప్పి ఆపు.

ధాత్రి


రెజైనా,
డిసెంబరు 27

చి. ధాత్రికి,

నువ్వు నలుగురిలో నవ్వులపాలు కావడం కన్నా నన్ను తిట్టుకోవడమే నయం. కూచుని చదువు.

అది బల్గేరియా వరస కాదు. మా అమ్మ తిరగలి పాట.

మీ నాయనమ్మని నువ్వు చూడలేదు. నువ్వు పుట్టేసరికే పోయింది. పిఠాపురంలో మా వసారాలో కాళ్ళు బారచాపుకుని కందులు విసిరేది. కుడిచేతిలో తిరగలి పిడి, ఎడమ పక్కన చాట నిండా కందులు. మూడు చుట్లు తిప్పుతూ పాడేది, నాలుగో చుట్టు దగ్గర ఆపేది. నువ్వు నలభై పేజీలు రాసిన ఆ ఖాళీ ఉందే, పోయినవాళ్ళొచ్చి నిలబడే చోటు, అది తిరగలి నోట్లో గుప్పెడు కందులు పొయ్యడానికి తల్లీ. నిడివి ఎందుకు తప్పలేదంటే, మా అమ్మ గుప్పెడు ఎప్పుడూ ఒక్కటే గుప్పెడు.

మాటలు రాద్కావి. వరస మా అమ్మది. మధ్యలో ఉన్నది నేను. నేర్పాలని నేర్పలేదు. మిత్కో పోయిన చలికాలం రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆవిడ దగ్గర కూచునేదాన్ని. అప్పటికి ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు ఆవిడ భాష రాదు. ఏం చెప్పి ఓదార్చను? నాకు వచ్చిన ఒకే ఒక్క పాట, మాటలు మర్చిపోయి, వరస ఒక్కటీ తీసేదాన్ని. మార్చి నెలలో ఒకరోజు ఆవిడ గొంతు కలిపింది. తర్వాత తన మాటలు పెట్టుకుంది. ఆ మాటలే నువ్వు విన్నావు.

నీ పెన్‌డ్రైవ్ పెట్టి వినేసరికి మా అమ్మ వచ్చి వంటింట్లో కూచున్నట్టయింది. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి నీ చాప్టర్ గుర్తొచ్చి గుండె ఆగినంత పనైంది.

తిట్టు. పడతాను.

అత్త


బర్నబీ,
జనవరి 9

అత్తా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. కొండ మీద క్యాంపస్ వచ్చింది, అందరూ దిగారు, నేను దిగలేదు. బస్సు మళ్ళీ కిందికి స్టేషన్‌కి తెచ్చి పడేసింది. డ్రైవరు వచ్చి "ఆర్ యు ఓకే?" అని అడిగేదాకా అలాగే కూచున్నాను.

నేను నమ్మలేదు. నన్ను ఆపడానికి కథ అల్లావనుకున్నాను. నాన్నకి వీడియో కాల్ చేసి, ఏమీ చెప్పకుండా రికార్డింగ్ వినిపించాను. రెండో చుట్టు కూడా తిరగలేదు. "ఓసి దీని దుంపతెగ! మా అమ్మ తిరగలి పాట కదే! ఈ భాషేమిటి? ఎవరీవిడ?" అన్నాడు. అంటున్నంత సేపూ ఆయన కుడిచెయ్యి మోకాలి మీద గుండ్రంగా తిరుగుతూనే ఉంది. నాలుగోసారి ఆగింది. అలా తిప్పుతున్నట్టు ఆయనకే తెలియదు.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినదాన్ని నేనే. సముద్రాలు దాటి సోఫియా దాకా వెళ్ళి వెతికాను.

అప్పుడు రాద్కా గారికి ఫోన్ చేశాను. ఇలా ఎందుకు చేశారని కొంచెం గట్టిగానే అడిగాను. ఆవిడ తెల్లబోయింది. ఆవిడ అన్నది తెలుగులో రాస్తున్నాను. "నువ్వేమడిగావు పిల్లా? మీ ఇంట్లో మనిషి పోయినప్పుడు ఏ పాట పాడారని కదా? మా ఇంట్లో మనిషి పోయింది రెజైనాలో. అప్పుడు పాడింది సుందా. మా ఊరి పాటలు ఆ ఏడాది నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. నేను నిజమే చెప్పాను."

నా ప్రశ్నాపత్రం తీసి చూశాను. పదకొండో ప్రశ్న. ఏ పాట పాడారని ఉంది, మాటలేమిటని ఉంది. ఎక్కడ, ఎవరు అని లేదు. బల్గేరియా మనిషి కనుక బల్గేరియాలోనే ఏడ్చి ఉంటుందనుకున్నాను. నాలుగేళ్ళలో అరవైమందిని ఆ ప్రశ్న అడిగాను. మిగిలిన యాభై తొమ్మిదిమంది ఏ ఊరి ఏడుపు నాకు పాడి వినిపించారో ఇప్పుడు నాకు తెలియదు.

సభ నుంచి వ్యాసం వెనక్కి తీసుకున్నాను. సూపర్‌వైజర్ మర్నాడు పిలిచి, జరిగింది జరిగినట్టు రాయి, ఇదే అసలు చాప్టర్ అన్నారు. దానికి రికార్డింగులు భద్రపరిచే ఆర్కైవ్ ఫారం మళ్ళీ నింపాలి. పాట ఎవరి దగ్గర, ఏ సందర్భంలో నేర్చుకున్నారో రాసి, వాళ్ళ భాషలో చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి.

అక్కడ ఆగిపోయాను. రాద్కా గారు ఇంకో మాట అన్నారు. "కొడుకు పోయిన పన్నెండో రోజున ముక్కూమొహం తెలియని ఆడమనిషి మంచులో వచ్చి తలుపు కొట్టింది. ఎందుకొచ్చిందో నేను ఇప్పటిదాకా అడగలేదు" అన్నారు. నేను అడుగుతున్నాను అత్తా. అప్పటికి ఆవిడ నీకు తెలియదు. ఎందుకు వెళ్ళావు?

ధాత్రి


రెజైనా,
ఫిబ్రవరి 2

చి. ధాత్రికి,

మిత్కోకి మత్తు ఇచ్చిన డాక్టర్ని నేనే.

ఈ వాక్యం రాసి, పెన్ను పక్కన పెట్టి, అన్నం వండుకుని, తినకుండా మళ్ళీ వచ్చి కూచున్నాను.

అపెండిక్స్ ఆపరేషన్. చిన్న పని. కుర్రాడు దుక్కలా ఉన్నాడు. మత్తుమందు పడలేదు. లక్షలో ఎవరో ఒకరికి అలా జరుగుతుంది. ఒళ్ళు పెనంలా కాలిపోయింది, కండలు బిగుసుకుపోయాయి. ఏం చెయ్యాలో అన్నీ చేశాం. విచారణ జరిగింది. తప్పు ఎవరిదీ కాదని కాయితం ఇచ్చారు. నేను ఏడు నిమిషాలు ఆలస్యంగా గుర్తుపట్టానని నేనే చెప్పాను. ఆ ఏడు నిమిషాల వల్ల తేడా ఉండేది కాదన్నారు వాళ్ళు. వాళ్ళకి ఉండదు.

బయటికెళ్ళి తల్లికి చెప్పింది సర్జన్. నేను వెళ్ళలేదు. బట్టలు మార్చుకునే గదిలో తలుపేసుకుని కూచున్నాను. పన్నెండు రోజులు అలా ఉండి, ఇక ఉండలేక, అడ్రస్ చూసుకుని వెళ్ళాను. చెప్పి కాళ్ళు పట్టుకుందామనే వెళ్ళాను. తలుపు తీసింది. టోపీ, మాస్కూ లేకపోతే నేనెవరో ఆవిడకి ఏం తెలుసు? నోరు తెరిచాను, మాట రాలేదు. ఎవరో చూడ్డానికొచ్చారనుకుని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, వేడి టీ నా చేతిలో పెట్టింది. కొడుకు పోయిన మనిషి నాకు టీ ఇచ్చింది, ధాత్రీ.

చెబుదామని రోజూ వెళ్ళాను. చెప్పలేక రోజూ పాడాను. తర్వాత స్నేహం అయిపోయింది. స్నేహమయ్యాక ఎలా చెప్పను? డాక్టర్నని తెలుసు. ఏ డాక్టర్నో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మీ మామయ్యకి తెలుసు. ఆయన "ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరిస్తావు" అనేవారు. నాకూ ఆ మాటే కావాలి కనుక వినేదాన్ని.

ఇంకొకటుంది. అది నీకు కూడా రాయలేను.

అత్త


బర్నబీ,
ఫిబ్రవరి 14

అత్తా,

ఏం రాయాలో తెలియడం లేదు. నాలుగు కాయితాలు చింపాను.

నిన్ను చూసి భయం వేసింది, నిజం చెబుతున్నాను. పంతొమ్మిదేళ్ళు ఆవిడతో మిరపకాయలు కాల్చుకుంటూ ఎలా కూచున్నావు? ఆ ప్రశ్న అడిగి, వెంటనే నిన్ను పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ ఒకేసారి ఎలా అనిపిస్తాయో నాకు తెలియదు.

ఫారం పంపను. పాట తీసేస్తాను. ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి వెతుక్కుంటాను. నా నోటివెంట ఈ మాట బయటికి రాదు. నీకున్న ఒక్క మనిషిని నీకు కాకుండా నేను చెయ్యలేను.

కానీ నిన్న రాద్కా గారు ఫోన్ చేశారు. "ఆ కాయితం ఎప్పుడు పంపుతావు? సుందా తల్లి పేరు కూడా రాయి, పాట ఆవిడది కదా. నాకు చదివి వినిపించు, సంతకం పెడతాను" అన్నారు. ఎంత సంతోషంగా ఉన్నారో. నేను ఏదో గొణిగి పెట్టేశాను. మళ్ళీ చేస్తారు. ఏం చెప్పను?

ధాత్రి


రెజైనా,
మార్చి 6

చి. ధాత్రికి,

ఫారం పూర్తిగా నింపి రాద్కాకి పంపు. ఏమీ దాచకు. సంతకం పెడుతుందో లేదో ఆవిడ ఇష్టం. నేను చెప్పేశాను.

నీకోసం చెప్పాననుకోకు. నువ్వు ఉద్యోగం వదిలేస్తాననగానే నాకు సిగ్గేసింది. నా పిరికితనానికి ఇంకెంతమంది కప్పం కట్టాలి?

పోయిన మంగళవారం మధ్యాహ్నం వెళ్ళాను. ఆవిడ బల్ల మీద పిండి పొరలు పరిచి, జున్ను చల్లి వెన్న రాస్తోంది. కోటు కూడా విప్పకుండా నిలబడి చెప్పేశాను. "రాద్కా, మిత్కోకి మత్తు ఇచ్చింది నేను." ఆవిడ చెయ్యి ఆగలేదు. ఇంకో పొర పరిచింది. వెన్న రాసింది. "చెప్పు" అంది. ఏడు నిమిషాల సంగతి చెప్పాను. కాయితం సంగతి చెప్పాను. ఇంకో రెండు పొరలు పరిచింది. కూర్చోమంది. "దేవుడు చేసినదానికి నిన్నేం చేస్తాను సుందా? అందుకేనా రోజూ మంచులో వచ్చావు, పిచ్చిదానా" అంది.

అక్కడ ఆగితే నేను గట్టెక్కినట్టే. ఆవిడ క్షమించేసింది. కానీ నీకు రాయలేనన్నది ఒకటుందే, అది దాచి ఆ క్షమ తీసుకుంటే నా అంత దొంగ ఇంకొకతె ఉండదు. చెప్పాను.

మాస్కు పెట్టబోతుంటే మిత్కో నా మణికట్టు పట్టుకున్నాడు. "డాక్టర్, బయట మా అమ్మ కూచుంది. ఆమెకి ఇంగ్లీషు రాదు. లేటయితే భయపడుతుంది. ఎవరైనా వెళ్ళి, నేను భయపడలేదని చెప్తారా?" అన్నాడు. "నేనే చెప్తాను" అన్నాను. నవ్వాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత వాడు ఎవరితోనూ మాట్లాడలేదు.

రాద్కా చెయ్యి అప్పుడు ఆగింది.

"వాడన్నట్టు చెప్పు. వాడి ఇంగ్లీషులో" అంది. చెప్పాను. "మళ్ళీ" అంది. చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుంది. పెదాలు కదుపుతూ నాతోపాటు అంది, నేర్చుకుంటున్నట్టు.

తర్వాత నెమ్మదిగా మాట్లాడింది. "ఆ రోజు ఆస్పత్రి కుర్చీలో ఆరు గంటలు కూచున్నాను. నా కొడుకు నాకు తెలుసు. అమ్మకి చెప్పమని ఎవరో ఒకరికి చెప్పే ఉంటాడు. ఎవరూ రాలేదు. వాడు నన్ను తలుచుకోకుండానే పోయాడా, తలుచుకుంటే చెప్పకుండా ఉంటాడా అని పంతొమ్మిదేళ్ళు ఏడ్చాను. ఏడ్చిన ప్రతిసారీ నువ్వు నా పక్కనే ఉన్నావు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి తీసుకుంది.

"ఆ మాట నా కోసం ఇచ్చాడు సుందా. అది నీ దగ్గర పెట్టుకుని, నాకు మీ అమ్మ పాట పాడావా?"

ఆవిడ తలుపు తీసి పట్టుకుంది. వచ్చేశాను.

అత్త